నుస్రత్ కొత్త ఆల్బమ్

నుస్రత్ ఫతే అలీ ఖాన్ 1997లో ఇంతెకాల్ అయ్యారు. ఆ రోజు అబ్బా రేడియో కట్టేసి "ఇక కొత్తది వినే నసీబ్ లేదు బేటా" అన్నారు.

2024 సెప్టెంబర్‌లో కొత్తది వచ్చింది. 'చైన్ ఆఫ్ లైట్'. 1990లో ఇంగ్లండ్‌లోని రియల్ వరల్డ్ స్టూడియోలో పాడిన నాలుగు ఖవ్వాలీలు, ఇన్నేళ్లూ టేపుల్లోనే ఉండిపోయాయి.

ఇషా నమాజ్ అయ్యాక ఒక్కణ్ణే కూర్చుని విన్నాను. 'యా గౌస్ యా మీరాఁ' అంతకుముందు ఎక్కడా విడుదల కానిది. హార్మోనియం, తాళం వేసే చప్పట్లు, వాటి మీదుగా ఆ ఆవాజ్. గౌసె ఆజం పేరు వినగానే మా ఇంట్లో గ్యార్మీ ఫాతెహా, ఊదు పొగ, అబ్బా తెల్లటోపీ కళ్లముందుకొచ్చాయి.

ఖవ్వాలీ ఆగగానే, ఆదత్ కదా, పక్కకి తిరిగి "సునే క్యా అబ్బా?" అనబోయాను.

వుజూ చేసుకొచ్చి ఇద్దరి మగ్ఫిరత్ కోసం దువా చేశాను.