ఉప్పాడకు రావాల్సిన ఇసుక ఎక్కడ ఆగింది?

కాకినాడ వెళ్తే కాజా తిని, ఉప్పాడ బీచ్ రోడ్డులో ఒక రీల్ తీసుకుని వచ్చేస్తాం కదా! నేనూ అదే ప్లాన్‌తో బయల్దేరా. రోడ్డు అంచునే సముద్రం. అలల్ని ఆపడానికి పోసిన బండరాళ్ల గుట్టలు. కొన్నిచోట్ల తారు కూడా కోసుకుపోయింది.

ఉప్పాడలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని పలకరించా. ఊరు ఎక్కడిదాకా ఉండేదంటే, నీళ్లవైపు చెయ్యి చాపారు. "అదిగో బాబూ, ఆ పడవ ఊగుతోందే, మా పాత ఇల్లు అక్కడే. ఇప్పుడుండేది మూడోది."

తుపాను వెళ్లాక ఇక్కడ జనం ఇసుకలో బంగారు రవ్వలు వెతుక్కుంటారని వార్తల్లో చూసే ఉంటారు. అసలు కరవు మాత్రం ఇసుకకే!

ఎందుకంటే, మన తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. నడుస్తుంది. నైరుతి గాలులప్పుడు అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. ఇసుకని పక్కకు ఎక్కించి, తిన్నగా కిందికి లాగుతాయి. ఇలా అలకో అడుగు చొప్పున ఉత్తరానికి సాగుతుంది. చలికాలంలో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం లెక్క చూస్తే ప్రయాణం ఉత్తరానికే.

ఒడ్డు నిలవాలంటే పోయినంత ఇసుక దక్షిణం నుంచి రావాలి. అది రావట్లేదు.

కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ చూడండి. గోదావరి తెచ్చిన ఇసుకే సుమారు 200 ఏళ్లలో 16 కిలోమీటర్ల పొడవున వేలులా పెరిగింది. కాకినాడ పోర్టుకు అదే గోడ. ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడే గుడ్లు పెడతాయి. కానీ దాని పెరుగుదలతో ఉప్పాడ వైపు అలల తాకిడి, ఇసుక దారి మారాయంటారు పరిశోధకులు. దానికితోడు హార్బర్ రాళ్ల గోడలు. గోదావరి మీద కట్టిన డ్యాముల వెనక ఆగిపోతున్న ఒండ్రు.

ఇసుక నింపిన భారీ సంచులు, జియోట్యూబులు, ఒడ్డున వేశారు. అలలు వాటినీ చీల్చేశాయి. రాళ్లు రోడ్డును కొన్నాళ్లు కాపాడతాయేమో గానీ, ఇసుకని తెచ్చిపెట్టలేవు కదా!

చలికాలంలో వెళ్లండి. హోప్ ఐలాండ్‌కు కాకినాడ నుంచి బోటులో పోవచ్చు. ఉప్పాడలో జాందానీ చీరలు చూడండి, రీల్ కూడా తీసుకోండి. ఆ ఫ్రేములో కనిపించే నీళ్ల కింద ఒకప్పుడు వీధులుండేవని మాత్రం గుర్తుంచుకోండి.