అవ్వ చెప్పు, సుబ్బారావు మాత్ర

ఎల్లాప్రగడ సుబ్బారావు మీద తెలుగులో నేను చదివిన వ్యాసాలు చాలావరకు నోబెల్ రాలేదన్న దిగులుతోనే ముగుస్తాయి. ఆయన పనిలోని అసలు మెలిక దాకా రావు.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు ఇద్దరు సోదరుల్ని స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్నాడు. పేగుల్ని పట్టి రక్తాన్ని కూడా తినేసే జబ్బది. 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు రక్తం పట్టింది. అదే పదార్థం రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బును ఎగదోస్తోందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కు అనుమానం వచ్చింది. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్ కూడా సుబ్బారావు బృందం నుంచే వెళ్ళింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు గుణం కనిపించింది.

ఇంత పెద్ద కథలో కాదు గానీ, ఆ మాత్ర రెండో ముఖం నేను పరిగిలో చూశాను. మా అవ్వ నీరసమంటే ఒక క్లినిక్‌లో రక్తం తక్కువుందని ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. హిమోగ్లోబిన్ 7 నుంచి 11కి వచ్చింది. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. అవ్వ మాత్రం, "చెప్పు యాడ జారిపోయిందో తెలీలేదు నాయనా, రాయి గుచ్చుకున్నా తెలీల్యా" అనింది. వయసు కదా అన్నారు చుట్టాలు.

వయసు కాదు, బి12 లోపం. మజ్జలో రక్తకణాలు విడివడాలంటే ఫోలేట్ కావాలి. బి12 లేకపోతే ఒంట్లో ఉన్న ఫోలేట్ కూడా పనికిరాని రూపంలో ఇరుక్కుపోతుంది. కణాలు విడిపోలేక ఉబ్బిపోతాయి. బయటినుంచి మాత్ర వేస్తే ఆ అడ్డును పక్కదారిన దాటి రక్తం తయారైపోతుంది. నరాల పైపొరకు ఆ పక్కదారి లేదు, దానికి బి12 కావలసిందే. రిపోర్టు బాగుపడుతుంటే కాళ్ళు చచ్చుబడుతుంటాయి. మా ఆఫీసులో దీన్ని బగ్ వదిలేసి అలర్ట్ ఆపేయడం అంటాం.

పాలు, పెరుగు, గుడ్డు, చేపలు, మాంసం తప్ప బి12 దొరికే తిండి మనకు దాదాపు లేదు. శాకాహారి అయిన అవ్వ, కడుపుబ్బరమని పాలూ పెరుగూ కూడా ఎప్పుడో మానేసింది. బెంగళూరులో డాక్టరమ్మ మొదట అడిగింది హిమోగ్లోబిన్ ఎంతని కాదు, ఏం తింటారని. తర్వాత కళ్ళు మూయించి కాలి బొటనవేలు పైకీ కిందికీ కదిపి, ఎటు ఉందో చెప్పమంది. అవ్వ మూడుసార్లూ తప్పు చెప్పింది.

రోజు మార్చి రోజు ఇంజెక్షన్లు, తర్వాత నెలకొకటి. నెలలు గడిచేసరికి మడమ దాకా స్పర్శ వచ్చింది. వేళ్ళకు ఇంకా రాలేదు. ఇప్పుడు వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటోంది.