చార్మినారు మొదలు బడీచౌడీ వరకు

1591లో కుతుబ్‌షాహీ ప్రభువు నిలిపిన చార్మినారు పాదములకడ బయలుదేరి, గుల్జారు హౌజును చుట్టి, పత్తర్‌గట్టీ, మదీనాల మీదుగా మూసీనది దాటి, అఫ్జల్‌గంజు, కోఠీ, సుల్తాన్ బజారుల గుండా బడీచౌడీ చేరు మార్గము నిడివికి పెద్దది కాదు. అయినను, మితమైన ద్రవ్యముతో, పదిమందిలో తనదని చెప్పదగిన వస్త్రమును సమకూర్చుకొనగోరు వారికి హైదరాబాదు నగరములో దీనిని మించిన బాట లేదని నా దృఢవిశ్వాసము. సిద్ధముగా కుట్టి వ్రేలాడదీసిన సొగసు ఎల్లెడల దొరకును. ఇచ్చట సొగసు విడివిడిగా దొరకును. గుడ్డ ఒకచోట, అంచు వేరొకచోట, లైనింగును గుండీలును మరియొకచోట. వీనినన్నిటిని ఒక్కటిగా కూర్చు ఊహ మాత్రము కొనువారే వెంట తెచ్చుకొనవలెను.

చార్మినారునకు పడమటనున్న లాడ్ బజారు లక్కగాజుల తళుకులతో బాటసారిని నిలువరించును. అచ్చటి ఖడా దుపట్టాలు, జరీపని వస్త్రములు నిఖా వేడుకలకు ఉద్దేశింపబడినవి. వానిని కన్నులార చూచి ఉత్తరముగా సాగుటయే మితవ్యయికి ఉచితము. పిమ్మట రాతి కమానుల వరుసలతో పత్తర్‌గట్టీ ప్రారంభమగును. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పాతనగరమునకు క్రొత్తరూపు దిద్దిన కాలమున వెలసిన ఈ కట్టడము నీడన, ఎండవానలకు జంకక నిలిచి, గుడ్డను తీరికగా పరిశీలింపవచ్చును. రంజాను మాసమున రాత్రులెల్ల ఈ వీథి దీపకాంతులతో, జనసమ్మర్దముతో కిటకిటలాడును. ఆ వేళ వేడుక చూడవచ్చును గాని, నాణ్యము చూచుటకు పగటి వెలుతురు కావలెను.

మదీనా కూడలి చేరునప్పటికి వర్తకపు స్వభావము మారును. జిల్లాలలోని చిన్న దుకాణదారులు చీరెల మూటలు, డ్రెస్ మెటీరియల్ కట్టలు ఇచ్చటనుండి ఎత్తుకొనిపోవుదురు. గుడ్డ తానులు తానులుగా దిగు ఈ చోట, తాను చివర మిగులు రెండుమూడు మీటర్ల ముక్కకు టోకు వర్తకుని కడ మర్యాద తక్కువ. చీరెకు చాలక, కుర్తాకు సరిపోవు ఆ ముక్కయే మనవంటి వారికి నిధి. చవుకకు ఏదో యొక కారణముండి తీరును: తాను తుదియో, అచ్చుతప్పో, వాడుక తప్పిన మాదిరియో, ఋతువు దాటుటయో. ఆ కారణమును విచారించి కొనువారు మోసపోరు. అచ్చుతప్పు కుచ్చెళ్ళలో దాగునా, వీపున పడునా యని చూడవలెను. మడతల వెంట రంగు వెలసినదేమో యని గుడ్డను పూర్తిగా విప్పించవలెను. పన్నా 44 అంగుళములైనచో రెండున్నర మీటర్లలో నిడుపుచేతుల కుర్తా వచ్చును. 36 అయినచో అదే ముక్కలో చేతులు కురుచ చేసికొనక తప్పదు. నూలని చెప్పిన గుడ్డనుండి ఒక పోగు లాగి యింటికడ నిప్పు చూపినచో, నూలు కాగితము కాలిన వాసనతో మెత్తని బూడిదయగును. పాలియెస్టరు కరగి గట్టి పూసయగును. పట్టు వెండ్రుక కాలిన వాసన నిచ్చును. మరునాడు మరల అదే అంగడికి పోవునపుడు ఈ పరీక్ష అక్కరకు వచ్చును.

అచ్చుబట్టల గుట్టల నడుమ మన చేనేతలు తారసిల్లినపుడు నా కాలు ముందుకు సాగదు. పోచంపల్లి ఇక్కతులో నూలునకు నేతకు ముందే కట్లు కట్టి రంగు వేయుదురు గనుక, నమూనా రెండువైపుల ఒకే గాఢతతో నుండును. దాని అంచులు కొంచెము చెదరినట్లు కనుపట్టును. ఆ చెదరుటను కూడ అనుకరించి అచ్చువేసిన గుడ్డ తిరుగవేసిన వెంటనే వెలవెలబోవును. గద్వాల చీరెలో నూలు ఒడలికి పట్టు అంచు జోడించిన నేర్పును, మంగళగిరి నూలుగుడ్డపై సన్నని నిజాము అంచు హుందాతనమును చేతితో తడవి చూచినవారికి, ఖరీదైన అద్దాల దుకాణములో అట్టహాసముగా నిలిపిన బొమ్మల దుస్తులు అంతగా రుచింపవు. చేనేతను చవుకగా ఆశించుట ధర్మము కాదు. దాని ముక్కను మాత్రము చవుకగా పొంది, సాదాగుడ్డకు అలంకారముగా వాడుకొనుట నేర్పరితనము.

నయాపూలు వంతెన దాటుచు క్షణకాలము మూసీని చూతము. 1908 సెప్టెంబరు వరద ఈ తీరములను ఊడ్చివేసిన పిమ్మటనే హైకోర్టు భవనమును, ఎదుటి యొడ్డున ఉస్మానియా ఆసుపత్రియు లేచినవి. అఫ్జల్‌గంజులో బస్సుల రొదయే గాని మనకు పనిలేదు.

కోఠీలోని పూర్వపు రెసిడెన్సీ భవనమును కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఆంగ్లేయుల ప్రతినిధియయ్యును ఇచ్చటి దుస్తులపై మక్కువతో వానినే ధరించినవాడు. ఆ భవనము స్త్రీల కళాశాలయై, నేడు మహిళా విశ్వవిద్యాలయమై విలసిల్లుచున్నది. ఒకనాటి రెసిడెన్సీ బజారే నేటి సుల్తాన్ బజారు. 1933లో ఇది నిజాము పాలనకు తిరిగివచ్చినది. తరతరముల విద్యార్థినుల పలుచని పర్సులు ఈ బజారునకు రుచిని నేర్పినవని నా నమ్మకము. 2020లో తెరచిన మెట్రో స్టేషను వలన దూరపు పేటల పిల్లలు సయితము సులభముగా వచ్చుచున్నారు.

ఇచ్చటనే కాలిబాటపై ఒక వృద్ధురాలి కడ నా మేనకోడలు నీలి ఇక్కతు ముక్క నొకదానిని పట్టుకొని ధర అడిగినది. "సరుకు జూడు బిడ్డా, పైసల మాట తర్వాత మాట్లాడుదం" అని ఆమె ముక్కను విప్పి, నేతలో పోగు తెగిన తావును తానే చూపినది. "అత్తా, ఇది మెడ దగ్గర కోసేస్తే పోతుంది కదా!" అని పిల్ల నా చెవిలో పలికినది. ధర నూటయేబది రూపాయలకు కుదిరినది. మదీనాలో కొన్న సాదా తెల్లగుడ్డకు ఆ ముక్క ఎదపట్టీయై, చేతుల అంచులై అమరినది. అట్టి కుర్తా ఇంకొకరి కడ ఉండుటకు వీలులేదు.

ఈ బాట పట్టుటకు తగిన కాలము ఆషాఢమాసము. ఆ నెలలో ముహూర్తములు లేవు, పెండ్లికొనుగోళ్లు ఆగును, శ్రావణపు నోములకు, పెండ్లిండ్లకు క్రొత్త సరుకు దించుటకై అంగళ్లలో అరలు ఖాళీ కావలెను. తెలుగునాట ఆషాఢపు తగ్గింపులకు మూలమిదియే. తొలివారమున మేలిరకములు మిగిలియుండును, తుదివారమున ధరలు ఇంకను దిగును. నేను తొలివారమునే ఎన్నుకొందును.

బడీచౌడీ పరిసరముల మాచింగు సెంటర్లలో లైనింగు, ఫాల్సు, లేసు చుట్టలు నేలనుండి కప్పువరకు రంగుల వరుసలో నుండును. ట్యూబులైటు కింద సరిపోయిన రంగు వీథిలో వేరుపడును గనుక, గుడ్డను లేసును కలిపి గుమ్మము వెలుపలికి తెచ్చి చూడవలెను. కత్తెర పడకముందే నూలుగుడ్డను లైనింగును ఒక రాత్రి నీట నానవేసి ఆరవేయవలెను. లేనిచో తొలి ఉతుకునకే లైనింగు ముడుచుకొని పైగుడ్డను గుంజును. గుడ్డపై మిగిలిన ద్రవ్యములో కొంత కుట్టుకూలికి చేర్చి, పాత కుర్తాను కొలతకిచ్చి, "మాస్టరుగారూ, ప్రక్కల ఒక అంగుళము లోపల వదలండి" అని చెప్పినచో, ఒళ్లు వచ్చిన యేడు ఆ కుట్టు విప్పి అదే కుర్తాను మరల తొడుగుకొనవచ్చును.