కొల్లేటి చెంత గృహిణీధర్మము

యాత్రలనగానే కాశీరామేశ్వరములు తలంపునకు వచ్చుట మనకు వాడుక. ఇంటి వాకిట పాఱు మురుగుకాలువ యెందు కలియునో చూచుటకై పయనమగువారు మిక్కిలి తక్కువ. గత మార్గశిరమున బంధువుల యింట శుభకార్యమునకై మేము తాడేపల్లిగూడెము పోయి, తిరిగి మా యేలూరు చేరి, మఱునాడు పిల్లలతోగూడ కొల్లేటి లంకలను చూచివచ్చితిమి. ఆ మూడు దినములలో కన్నవిన్న సంగతులలో గృహిణులకు పనికివచ్చువానిని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

తాడేపల్లిగూడెపు బజారు ఉల్లిపాయలకు పేరుగాంచినది. కర్నూలు సీమనుండి వచ్చిన బస్తాలను విప్పి పోసి, ఆఱినవానిని వేఱుగను, చెమ్మగలవానిని వేఱుగను కూలివారు ఏఱుచుండిరి. గాలి సోకు గోనెసంచిలో ఉల్లి చాలకాలము నిలుచును. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించినచో చెమర్చి మురిగిపోవును. వర్తకు డెఱిగిన యీ సూక్ష్మమును మనమును పాటించినచో పలుచని సంచులు మన యిల్లు సొచ్చుట సగమైన తగ్గును. ఆ పట్టణమునకు చేరువనే వెంకటరామన్నగూడెమున 2007లో స్థాపింపబడిన ఉద్యానవిశ్వవిద్యాలయము గలదు. పండ్లతోటలకును కూరగాయలకును ఒక విద్యాపీఠమే వెలసియుండగా, పెరటిలోని కరివేపను, మునగను, గోంగూరను మన మలక్ష్యము చేయ దగునా?

తిరుగుదారిని రైలు చేబ్రోలు, పూళ్ల, భీమడోలు దాటి యేలూరు చేరువఱకు ఇరువైపుల వరిచేలే. 1852లో ధవళేశ్వరమున గోదావరికిని, 1855లో బెజవాడయొద్ద కృష్ణకును ఆనకట్టలు ముగిసిన పిమ్మట, ఆ రెండు నదుల కాలువలు ఏలూరున కలిసికొన్నవి. ఇంతటి జలసమృద్ధి గల యూరివారు నీటిని జూచి భయపడిన దినము లీ మధ్యనే గడచినవి. 2020 డిసెంబరు మొదటి వారమున 600 మందికి మించిన జనులు ఉన్నట్లుండి మూర్ఛలతోను, వాంతులతోను, తలనొప్పితోను ఆసుపత్రుల పాలైరి. రోగుల రక్తమున సీసమును నికెలును కన్పడినవని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు తెలిపిరి. పురుగుమందుల శేషములు హేతువై యుండునని మఱికొందఱు శాస్త్రజ్ఞులు తలంచిరి. ఆ వారము మా వీథిలోని తల్లులు బిడ్డలకు గ్రుక్కెడు నీరిచ్చుటకే జంకిరి.

కొల్లేరు కృష్ణాగోదావరుల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు మున్నగు వాగులును, ఏలూరు మొదలగు నూళ్ల మురుగును దానినే చేరును. వచ్చు దారులు పెక్కు. సముద్రమునకు పోవు దారి ఉప్పుటే రొక్కటియే. దండి తన దశకుమారచరితమున వర్ణించిన ఆంధ్రదేశపు సరోవర మిదియే యని కొందఱు పండితులు చెప్పుదురు. ఒడ్డున కిక్కిసయు తుంగయు, నీటిపై పక్షుల బారులును చూడగా ఆ మాట నిజమే యనిపించినది. ఆటపాకవద్ద, మనుష్యు లమర్చిన యినుపమంచెలమీద గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలకు మేతపెట్టుచుండ, మా పిల్లలు కదలకుండ చూచిరి. 1999లో ఈ సరస్సును వన్యప్రాణుల యభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రామ్సార్ ఒడంబడికయందు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగ చేర్చిరి. చేపల చెఱువుల గట్లు నీటి నడకను బంధింపగా 2006లో వానిలో పెక్కింటిని పడగొట్టిరి. అయినను చాలచోట్ల గుఱ్ఱపుడెక్క దట్టముగ నల్లుకొనియున్నది. ఊదాపూలు కంటికింపే గాని క్రిందినీటికి గాలి యాడదు. ఊళ్లనుండి వచ్చు మురుగే దానికి బలమైన యెరువు.

ఒక లంకలో పడవదిగి దాహమడిగినపుడు, అచటి యిల్లాలు మూతగల డబ్బానుండి నీరు వంచి యిచ్చి, “అమ్మగారూ, మా అత్త కొల్లేట్లోనే బిందె ముంచి, చిల్లగింజ అరగదీసి తాగేది. ఇప్పుడు చుట్టూ నీళ్లే, తాగటానికి మాత్రం డబ్బా కొనుక్కోవాలి” అనినది. ఆ మాటకు మాకు బదులు తోచలేదు.

చిల్లగింజనే సంస్కృతమున కతకమందురు. మనుస్మృతియందును దాని ప్రసక్తి గలదు. దాని గంధము కలిపినచో బురద యడుగునకు దిగి నీరు తేరును. కాని క్రిములు చావవు. కాచినచో క్రిములు చచ్చును. కాని సీసము పోదు. కావున విషము నీట చేరకుండ చూచుటయే మేలైన శుద్ధి. మన గడపదాటించిన మాలిన్యము నశించినదని తలంచుట పొరపాటు. అది పల్లమునకు పోయి యచటివారి బిందెలో చేరును.

ఇందుకు పెద్ద వ్యయ మక్కఱలేదు. కూరతొక్కలు, మిగిలిన మెతుకులు పెరటిగోతిలో వేసి మన్ను చల్లవలెను. మాడిన నూనెను తూమున పోయరాదు. తల యంటుకొనుటకు కుంకుడును, అంట్లకు బూడిదయు పీచును చాలును. బట్టలకు సబ్బుపొడి కొలిచి వేయవలెను. కూరగాయలను పాఱు నీట రెండు మూడు మార్లు కడుగవలెను. పాత బ్యాటరీలను చెత్తలో వేయక అమ్మినవారికే తిరిగి యీయవలెను. వాహనముల బ్యాటరీలలో నుండునది సీసమే. పేరంటములకు అరటాకు లుండగా ప్లాస్టిక్ పళ్లెము లేల? ఒకమాఱు వాడి పాఱవేయు నట్టి పళ్లెములను 2022 జులై 1 నుండి చట్టమే నిషేధించినది.

“చెఱువులవారును కర్మాగారములవారును చేయు కీడు నెదుట మన గిన్నెలు కడిగిన నీరెంత?” అని కొంద ఱడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. వారిని శాసించుట ప్రభుత్వము పని. దానికై మనమును అర్జీలు పెట్టవలసినదే. కాని యూరి మురుగు మన వంటయిండ్లనుండియు పోవునదే. తమ తూమును చక్కబెట్టుకొన్న స్త్రీలు పురపాలకసంఘము నడుగునపుడు ఆ మాటకు బరువుండును.

కొల్లేటినుండి వచ్చిన పిమ్మట మా వీథిలో ఆఱు గృహములవారము కలిసి, ఖాళీస్థలమున ఎరువుగోయి యొకటి త్రవ్వించితిమి. మొదట దుర్వాసన వచ్చునని గొణగిన పొరుగింటి పిన్నిగారే యిప్పుడు ఉదయమున తొక్కలబుట్ట తెచ్చి, మన్ను చల్లి, దాని గట్టున నాటిన ఆనపపాదునకు నీరు పోయుచున్నారు. మొన్ననే తొలి పిందె పడినది.