ఇంటి బూజు

మన భాషలో బూజు అను మాటకు రెండర్థములు కలవు. అటకమీద సాలీడు అల్లునది ఒకటి. చెమ్మ తగిలిన గోడను, ఊరగాయను, తోలు చెప్పులను పట్టునది రెండవది. సంక్రాంతికి ముందు మనము దులుపునది మొదటిది. రెండవది దులిపినంత మాత్రమున పోదు. పైగా దాని బీజములు కంటికి కానరాక గాలిలో లేచి ఇల్లంతయు వ్యాపించును.

మా కుటుంబము మూడు తరములుగా బరంపురమున ఉన్నది. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానుకు మా ఇంటి పెంకులు లేచిపోయి, పడమటి గది గోడలు నీరు త్రాగినవి. మా తండ్రిగారి తెలుగు పుస్తకముల బీరువా ఆ గదిలోనే ఉండెను. కొన్ని వారములకు గోడపై నల్లని మచ్చలును, పుస్తకముల అట్టలపై బూడిదరంగు నూగును కనిపించినవి. నా భార్యకు పూర్వమునుండి ఉబ్బసము కలదు. ఆ గదిలో పరుండిన రాత్రులందు ఆయాసము హెచ్చెడిది. వసారాలో పరుండిన తగ్గెడిది. డాక్టరుగారు మందు వ్రాసి, ముందు గదిని ఆరబెట్టుకొమ్మని చెప్పిరి.

ఆ మాట యథార్థము. చెమ్మయు, బూజును గల ఇండ్లలో వసించువారికి దగ్గు, ఉబ్బసము మొదలగు శ్వాసబాధలు హెచ్చుగా కనిపించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములు తెలుపుచున్నవి. బూజు బీజములు గాలిలో ఎల్లప్పుడు ఉండునవే. అవి పెరుగుటకు తేమ కావలెను. తేమ వచ్చు దారి మూయక గోడకు రంగు పూసిన, మచ్చలు మరల పైకి వచ్చును.

కావున మొదట పెంకులు సరిచేయించితిమి. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, గోడలను పొడిగా గీకక సబ్బునీటితో తుడిచి, ఆరిన పిదప సున్నము వేయించితిమి. బీరువాను గోడకు జానెడు దూరము జరిపితిమి. ఇక పుస్తకముల మాట మిగిలెను.

“మామయ్యగారి పుస్తకాలండీ, పారవేయకండి. నేను వసారాలోనే పడుకుంటాను” అని నా భార్య అన్నది. నేను అంగీకరింపలేదు. మా తండ్రిగారు బ్రతికియున్నచో కోడలి ఊపిరినే కోరియుందురు. ఆరబెట్టి తుడిచిన బాగుపడునవి నిలుపుకొని, పుటలు అంటుకొని కుళ్లినవానిని విడిచితిమి. విడిచినవానిలో ఆయన సంతకము గల భారతము కూడ ఉండెను.

మనవంటి కుటుంబములలో తెలుగు పుస్తకముల పెట్టె తరచుగా చీకటి మూలనే ఉండును. పిల్లలు బడిలో వేరు భాష చదువుదురు. వానలకు ముందొకసారి, వెనుకొకసారి ఆ పెట్టె తెరచి గాలి తగులనిండు. పొడిగా, శుభ్రముగా ఉన్న పుస్తకమొకటి పిల్లల చేతికిచ్చి, ఒక పుట పైకి చదివించుడు. పెట్టె తెరచుటకు వారికిని ఒక కారణము దొరకును.