కారు దిగిన కరెంటు

పరుగు తగ్గిన కారు బ్యాటరీ ఇంట్లో దీపం పెట్టగలదా? తుపాను వచ్చిన ప్రతిసారీ చీకట్లో మిగిలిపోయే ఉద్దానం తీరానికి ఇది వింత ప్రశ్న కాదు... బతుకు ప్రశ్న!

నరసన్నపేట దాటి టెక్కలి వైపు సాగుతుంటే 16వ నంబరు జాతీయ రహదారి మీద నిమ్మాడ కూడలి పలకరిస్తుంది. రాజకీయాలు తెలిసినవాళ్లకి ఇది కింజరాపు ఎర్రన్నాయుడి సొంతూరు. దారిన పోయేవాళ్లకి వరిచేల మధ్య ఓ సిక్కోలు పల్లె. ఇక్కణ్నుంచి టెక్కలి చేరి సముద్రం వైపు తిరిగితే నౌపడ ఉప్పుమళ్లు, తేలినీలాపురంలో ఏటా విడిది చేసే వలస పక్షులు. రహదారి వెంటే ఇంకా పైకి పోతే జీడిపప్పు వాసనేసే పలాస. దాన్ని దాటి తీరం పక్కన కొబ్బరి, జీడి, పనస, మునగ... ఉద్యానవనమే జనం నోట ఉద్దానం అయిందంటారు. చూస్తే నిజమేననిపిస్తుంది.

కూడలిలో కాసేపు నిలబడితే లారీల మోత మధ్య ఓ కొత్త సంగతి కూడా కంటపడుతుంది. ఆకుపచ్చ నంబరు ప్లేటు తగిలించుకుని చప్పుడు చేయకుండా జారిపోయే కార్లు. వాటిలో ప్రతిదీ తన సీట్ల కింద ఓ కుటుంబానికి రోజుల తరబడి సరిపోయే కరెంటును మోసుకుపోతోంది. మరి ఆ కారు పాతబడ్డాక? ఆ బ్యాటరీ ఏమవుతుంది? ఇటు చూస్తే రోడ్డు మీద కరెంటు, అటు చూస్తే తుపాను వస్తే కరెంటు లేని ఊళ్లు. ఈ రెంటినీ కలిపితే?

సీతాకోకచిలుక పేరుతో వచ్చింది

2018 అక్టోబరు 11. తెల్లవారుజామున 4.30, 5.30 గంటల మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉండుండి 165 దాకా! తిత్లీ అంటే సీతాకోకచిలుక. పేరుకే అది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో తరతరాల కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ నష్టం లెక్క వేరు.

కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో నేలకొరిగాయి. పొరుగు జిల్లాల నుంచి సిబ్బందిని దించి పగలూ రాత్రీ పని చేయించినా, చాలా ఊళ్లకు వెలుగు రావడానికి రోజులూ వారాలూ పట్టింది. కరెంటు లేదంటే బల్బు వెలగకపోవడం ఒక్కటే కాదుకదా. మోటారు తిరగదు, ట్యాంకు నిండదు. మంచినీటి ప్లాంటు ఆగిపోతుంది. ఫోను చచ్చిపోతే విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న కొడుక్కి, ‘బతికే ఉన్నాం’ అన్న ఒక్క మాట అందదు.

అందులోనూ ఇది ఉద్దానం. కారణం పూర్తిగా తేలని కిడ్నీ వ్యాధి ఇంటింటినీ పీడిస్తున్న సీమ. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆసుపత్రికి జనరేటర్ ఉంటుంది. డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి? ఫ్యాను గాలీ, నమ్మకమైన నీళ్లూ, అవసరమైతే అంబులెన్సును పిలిచేందుకు ఫోనూ ఉండాలి. ఇవన్నీ స్తంభం నిలబడి ఉంటేనే!

సముద్రానికి పోలేని తెప్ప

ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ ఒక్కరోజులో చచ్చిపోదు. ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా దాని కడుపు తగ్గుతుంది. మొదట్లో నిండా పట్టిన కరెంటులో 70 నుంచి 80 శాతమే పట్టే స్థితికి వచ్చేసరికి కారు యజమానికి విసుగొస్తుంది. ఒక్క ఛార్జితో వెళ్లే దూరం తగ్గిపోతుంది మరి.

అయితే కారు అడిగే చాకిరీ వేరు, ఇల్లు అడిగే చాకిరీ వేరు. ఫ్లైఓవర్ ఎక్కే కారు ఒక్క ఊపులో పదుల కిలోవాట్లు లాగేస్తుంది. ఏసీ లేని మధ్యతరగతి ఇల్లు ఒక్క కిలోవాటు కూడా దాటని సమయమే ఎక్కువ. పెద్ద అలలకు తట్టుకోలేని పాత తెప్పను మన మత్స్యకారులు పొయ్యిలో పెడతారా? ఉప్పుటేట్లో వల వేసుకోవడానికి వాడుకోరూ! ఇదీ అంతే.

లెక్క చూద్దాం రండి

2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన టాటా నెక్సాన్ ఈవీనే తీసుకోండి. దాని బ్యాటరీ సామర్థ్యం 30.2 కిలోవాట్ అవర్లు. మన మీటరు భాషలో 30 యూనిట్ల పైమాట. అది 70 శాతానికి పడిపోయిందనుకుందాం. 21 యూనిట్లు మిగులుతాయి. అడుగంటా వాడకుండా కొంత ఉంచేసి, ఇన్వర్టర్ తినేసే వాటాను తీసేస్తే చేతికొచ్చేది సుమారు 15 యూనిట్లు.

ఇప్పుడు తుపాను రోజుల్లో పొదుపుగా నడిచే ఇల్లు. నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, పది గంటల పాటు రెండు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్, మూడు ఫోన్లు, అరగంట నీళ్ల మోటారు. అన్నీ కలిపితే రోజుకు 3 యూనిట్లు. అంటే... అయిదు రోజులు!

మరి ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్న ఇన్వర్టర్ మాటేమిటి? 150 ఏహెచ్ సీసం బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. అది తొందరగా పాడవకూడదంటే సగమే వాడాలి. అంటే ఒక యూనిట్ కూడా రాదు. సాయంత్రం కరెంటు పోతే అర్ధరాత్రి దాకా కాపలా కాస్తుందేమోగానీ, వారం రోజుల చీకటిని అది మోయలేదు.

ప్యానెళ్లున్నా చీకటే!

‘మా ఇంటిమీద సోలార్ ఉంది, మాకేం భయం’ అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ దక్కుతుంది. అయితే బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, ఊళ్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నెత్తిన ఎండ మండుతున్నా సరే! అది లోపం కాదు, జాగ్రత్త. మన పైకప్పు మీది కరెంటు తెగిన తీగల్లోకి పారితే, స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది.

బయటి తీగ నుంచి ఇంటిని విడదీసే ఏర్పాటున్న హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ ఉంటేనే ఆ ప్యానెళ్లు ఆపదలో అక్కరకొస్తాయి. గాలికి ప్యానెళ్లు నిలబడితే చాలు. తుపాను వెళ్లిపోయాక ఆకాశం తేటపడుతుంది. ఒక్క కిలోవాటు ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తుంది. మన ఇంటి ఖర్చు 3 యూనిట్లే కదా. అప్పుడిక అయిదు రోజుల గడువు కూడా ఉండదు.

సునామీ ఊరి పాఠం

ఈ ఆలోచనకు ముందే ప్రాణం పోసిన ఊరు ఒకటుంది. జపాన్‌లోని నమియె. 2011 మార్చి 11 నాటి సునామీ, దాని వెంటే ఫుకుషిమా అణు ప్రమాదం ఆ ఊరిని మొత్తం ఖాళీ చేయించాయి. కొంత భాగానికి జనం తిరిగి రావడానికి ఆరేళ్లు పట్టింది. సరిగ్గా అక్కడే 2018లో నిస్సాన్, సుమిటోమో సంస్థల ఉమ్మడి కంపెనీ 4ఆర్ ఎనర్జీ పాత బ్యాటరీల కర్మాగారం తెరిచింది. లీఫ్ కార్ల నుంచి తీసిన బ్యాటరీలో 48 మాడ్యూళ్లుంటాయి. ఒక్కోదానికీ పరీక్ష పెట్టి, గట్టివాటిని మళ్లీ కార్లకు, మిగతావాటిని ఫోర్క్‌లిఫ్టులకు, కరెంటు నిల్వకు పంపుతారు. పాత బ్యాటరీలూ సోలార్ ప్యానెళ్లూ కలిపి చేసిన వీధిదీపాన్ని అదే ఊళ్లో నిలబెట్టారు.

మన పక్కనా ప్రయత్నాలు లేకపోలేదు. బెంగళూరు, బెర్లిన్ కేంద్రాలుగా పనిచేసే నునామ్ అనే అంకుర సంస్థ ఆడి ఈ-ట్రాన్ పరీక్ష కార్ల బ్యాటరీలతో ఈ-రిక్షాలు తయారుచేసినట్టు 2022లో ప్రకటించింది.

అసలు బ్యాటరీని విప్పకుండానే వాడుకునే దారీ వచ్చింది. 2023 సెప్టెంబరులో వచ్చిన నెక్సాన్ ఈవీలో కారు నుంచే ఇంటి సామాన్లకు కరెంటు తీసుకునే వీలుంది. 3.3 కేవీఏ దాకా. ముందుముందు అలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, పెరట్లో నిలబెట్టుకున్నా అది చక్రాలున్న ఇన్వర్టరే!

ఉప్పుగాలితో ఆటలొద్దు

ఇంత చదివాక, ప్రమాదంలో నుజ్జయిన కారు బ్యాటరీ పాత ఇనుము కొట్లో దొరికితే తెచ్చుకుందామని ఎవరికైనా అనిపించొచ్చు. వద్దు! కారు బ్యాటరీలో ఉండేది 300 నుంచి 400 వోల్టుల డీసీ. ముట్టుకుంటే వదలదు. 12 వోల్టుల ఇంటి ఇన్వర్టర్‌కు అది అతకదు. విడదీసి, ఒక్కో సెల్‌నూ కొలిచి, సమ ఉజ్జీలను జతచేసి, 48 వోల్టుల పెట్టెగా మళ్లీ కట్టాలి. దానికి కాపలాగా కొత్త బీఎంఎస్ అమర్చాలి. ఇది వీధి చివరి మెకానిక్ పని కాదు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా వాడిన బ్యాటరీల బాధ్యతను తయారీదారుల మీదా, నమోదైన సంస్థల మీదా పెట్టాయి.

ఈ తీరానికి ఇంకో హెచ్చరిక. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయాన్ తుపాను ముంచెత్తినప్పుడు, ఉప్పునీట మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని తర్వాత రోజుల్లో అంటుకున్నాయి. కాబట్టి భావనపాడు, బారువ లాంటి తీర గ్రామాల్లో ఇలాంటి పెట్టెను నేలమీద పెట్టకూడదు. వరద మట్టానికి పైన, పడకగదికి దూరంగా, నీడలో, గాలాడే చోట ఉండాలి. నౌపడలో ఉప్పు పండించే గాలే ఇక్కడ ఇనుప బోల్టులనూ తినేస్తుంది. కనెక్షన్లను తరచూ చూసుకోక తప్పదు.

కరెంటు ఖరీదు తెలిసిన నేల

ఈ సీమకు కరెంటు ఖరీదు ఎవరూ చెప్పనక్కర్లేదు. థర్మల్ కేంద్రాలు వద్దంటూ సోంపేట బీల కోసం 2010 జులైలో, కాకరాపల్లి తంపర కోసం 2011 ఫిబ్రవరిలో జనం రోడ్డెక్కితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కరెంటు కావాలి, ఊరూ ఉండాలి... నాడు వాళ్లు అడిగింది అదే కదా.

నెక్సాన్ ఈవీ బ్యాటరీకి కంపెనీ ఇచ్చిన వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్లు. అంటే మొదటి విడత కార్లకు 2028 నుంచి గడువు తీరుతుంది. ఆ బ్యాటరీలు ఎక్కడికి పోవాలో ఆలోచించుకోవడానికి ఇదే అదను. మొదటివి ఒక్కో ఇంటికి కాదు... ఊరందరిదీ అయిన చోటికి రావాలి. మంచినీటి ప్లాంటుకు, ఆరోగ్య ఉపకేంద్రానికి, తుపాను రక్షణ భవనానికి. పరీక్షించి, ముద్ర వేసి, పాడైతే వచ్చి చూసే బాధ్యతతో సహా. అక్కడ నాలుగు తుపాన్లకు నిలబడితే ఇళ్లకు తెచ్చుకునే ధైర్యం జనానికే వస్తుంది.

అక్టోబరు వస్తే ఉద్దానం ఆకాశం వైపు చూస్తుంది. గాలిని ఆపడం ఎవరితరమూ కాదు. ఆ మర్నాడు బిందెడు నీళ్లు తోడుకోవడం, కొడుక్కి ఫోను కలపడం మాత్రం మన చేతిలోని పనే!