ముందే పిలవాలి

సైన్యానికి ఆయుధాలు, మందుగుండు తయారుచేసే ప్రభుత్వ కర్మాగారాలను నడిపిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయింది. 41 కర్మాగారాలు ఏడు కంపెనీలయ్యాయి. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో పదాతిదళం కోసం బీఎంపీ వాహనాలు తయారుచేసే ఫ్యాక్టరీ, చెన్నై దగ్గరి ఆవడి కేంద్రంగా పుట్టిన కంపెనీలోకి వెళ్లింది. సుమారు 70 వేల మంది ఉద్యోగులు కూర్చున్న చోటే డిప్యుటేషన్ మీదికి మారారు. ఆ మార్పు జరిగిన తీరు చూసి నేను నేర్చుకున్నది ఒక్కటే. కార్మికుణ్ణి చర్చకు ఎప్పుడు పిలిచారన్నదాన్ని బట్టే సంస్కరణ నిలుస్తుంది.

మార్పు అక్కర్లేదని నేననను. మందుగుండు నాణ్యత మీద, సరఫరాలో ఆలస్యం మీద కాగ్ ఏళ్ల తరబడి వేలెత్తి చూపింది. లోపమున్న గుండు పేలితే మొదట బలయ్యేది దాన్ని పేల్చే జవానే. ఆ జవానుకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. కాబట్టి అతని తరఫున మాట్లాడవలసిన బాధ్యత అధికారులతో పాటు, ఆ గుండు తయారుచేసే కార్మికుడి మీద కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మాట్లాడుకోవడానికి వేదిక లేకపోలేదు. ప్రభుత్వమూ ఉద్యోగుల సంఘాలూ కలిసి చర్చించుకోవడానికి 1966లో ఏర్పడిన జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ పరిధిలో సర్వీసు నిబంధనలు, సంక్షేమంతో పాటు పని సామర్థ్యం, ప్రమాణాలు పెంచడం కూడా ఉంది. ఆ చివరి అంశానికి ఇరుపక్షాలూ ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదన్నది నా అభిప్రాయం. కొత్త యంత్రం దిగాక ఆపరేటరును పిలిస్తే ఏం లాభం? ఏది కొనాలో తేల్చేటప్పుడే పిలవాలి. కొలత ఎక్కడ తప్పుతోందో ఫైలుకెక్కకముందే అతని చేతికి తెలుస్తుంది.

2019 ఆగస్టులో, కంపెనీలుగా మార్చొద్దంటూ ఈ ఫ్యాక్టరీల కార్మికులు నెల రోజులకని మొదలుపెట్టిన సమ్మె, చర్చల హామీతో వారంలోపే ఆగింది. మరుసటి ఏడాది మేలో కంపెనీలుగా మారుస్తామన్న ప్రకటన వచ్చింది. 2021 జూన్‌లో ఏకంగా సమ్మెల్ని నిషేధించే అధికారమిస్తూ ఆర్డినెన్సే తెచ్చారు. నిషేధాన్ని కాదని సమ్మెలో పాల్గొంటే ఏడాది వరకు జైలని అందులో పెట్టారు. జైలు భయంతో హాజరు పట్టీ నిండుతుంది, సరే. కానీ లోపం కనబడగానే ‘ఆపండి’ అని అరిచే గొంతు కూడా ఆ భయంతోనే పూడుకుపోతుంది. సైన్యానికి కావలసింది ఆ గొంతే.

ఏడు కంపెనీల యాజమాన్యాలకూ, సంఘాల నాయకులకూ నా విన్నపం: ఈసారి కూర్చున్నప్పుడు సైన్యం తిప్పి పంపిన సరుకు జాబితాను మొదటి అంశంగా పెట్టండి. జీతాల మాట ఆ తర్వాత ఎత్తండి.